మాఫీ కుళ్లాయప్ప దగ్గర ఉంది

గుంతకల్లు,
17 ఫిబ్రవరి 2025

చెల్లెలు హుసేనమ్మకు అన్న దస్తగిరి సలాం.

నేనూ మీ మాబున్ని వదినా బాగానే ఉన్నాం. గొంతు ఆపరేషన్ జరిగి మూడేళ్లు దాటింది, ఇక భయం లేదని డాక్టరు అన్నాడు. మాట మాత్రం రాదు. ఇంట్లో పలక మీద రాసి చూపిస్తున్నాను. మీ వదిన సగం చదివి, మిగతా సగం తానే ఊహించుకుని జవాబు చెబుతుంది. గూడ్స్ బండి చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని నౌకరీ చేసిన గార్డుకు మాటలతో పనేముంది అని నవ్వుతుంది.

అసలు సంగతి. ఈ ఏడు హజ్ యాత్రకు నా పేరు వచ్చింది. మే నెలలో బెంగళూరు నుంచి విమానం. షబే బరాత్ రోజు మీ చాందిని ఫోనుకు ఒక మెసేజ్ పంపాను. తెలిసో తెలియకో నొప్పించి ఉంటే మాఫ్ చేయమని. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపారు. నీ నుంచి ఏమీ రాలేదు. నీ కూతురు నీకు చూపించలేదేమో అనుకుని ఉత్తరం రాస్తున్నాను.

మా వీధి మసీదు పేష్ ఇమాం మొన్న జుమ్మా నాడు ఒక మాట చెప్పాడు. నమాజు ఎగ్గొట్టినా, రోజా వదిలేసినా అది అల్లాకూ మనిషికీ మధ్య సంగతి. ఆయన దయతలిస్తే మాఫ్ చేస్తాడు. కానీ మనిషి మనిషికి చేసిన అన్యాయాన్ని అన్యాయం జరిగిన మనిషే మాఫ్ చేయాలట. లేకపోతే అది ఖయామత్ దాకా అలాగే ఉంటుంది. ఆ రోజు అందరి ముందరా లెక్క తేలుతుంది.

వింటుంటే నువ్వే గుర్తొచ్చావు. కుళ్లాయప్ప బావ నలభై దినాల ఫాతెహా నాడు ఊరందరి ముందరా "ఖయామత్ నాడు నీ గల్లా పట్టుకుంటానన్నా" అన్నావు. నేను తల వంచుకుని బస్సెక్కాను. జవాబు చెప్పడానికి అప్పటికే గొంతు లేదు.

నాయన వేయించిన బోరు పంపకాల్లో నా భాగంలోకి వచ్చింది. నీళ్లు మాత్రం ఇద్దరికీ అని నాయన చెప్పాడు. 2019 ఎండాకాలంలో మీ తోటకు పోయే పైపు గేటు వాల్వుకు నేను తాళం వేయించాను. మీ చీనీ చెట్లు ఎండిపోయాయి. ఇందులో దాచింది ఏమీ లేదు. మాఫ్ చేశానని ఒక్క మాట రాసి పంపు. గుండె మీద జేబులో పెట్టుకుని పోతాను.

నీ అన్న,
దస్తగిరి

*

రాళ్లకుంట, రాయదుర్గం దగ్గర,
26 ఫిబ్రవరి 2025

అన్నకూ వదినకూ సలాం.

హజ్‌కు పేరు వచ్చినందుకు సంతోషం. మన ఇంట్లో ఎవరూ చూడని మక్కా నువ్వు చూస్తావు.

చాందిని మెసేజ్ చూపించింది. మరుసటి పొద్దున పాలు పోసే వెంకటేశులు వాకిట్లో నిలబడి, "ఏమక్కా, మీయన్న నన్ను మాఫ్ అడుగుతాండాడు? నాకేం చేసినాడు? నా బర్రె గాని తోలకపోయినాడా?" అన్నాడు. ఫోను చూపించాడు. అదే నెలవంక బొమ్మ, అవే అక్షరాలు. వెంకటేశులుకు వచ్చిందీ నాకు వచ్చిందీ ఒకటే అయినప్పుడు నేను ఏమని జవాబు పెట్టాలి? వెంకటేశులు చేతులు జోడించిన బొమ్మ పంపానన్నాడు. సరేలే, మా ఇంటికి కూడా అదే చాలు అన్నాను.

నాకు కోపం లేదు. అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం వండించి, గుడ్లు పంచి, ఆ ఫోటోలు ఫోనులోకి ఎక్కించి, అవి ఎక్కక మళ్లీ ఎక్కించి ఇంటికి వచ్చేసరికి కూర్చోవడానికే ఓపిక ఉండదు. చాందిని రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టి ఏడు గంటల బస్సుకు వస్తుంది. ఇద్దరం తిని పడుకుంటాం. పగ పెట్టుకోవడానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి.

నా హక్కు నేను మాఫ్ చేయగలను. కానీ ఆ చెట్లు నావి కాదు. గుంతలు తవ్వింది మీ బావ. మొదటి రెండేళ్లు బిందెలతో నీళ్లు పోసింది ఆయన. తాళం వేసిన రోజు నువ్వు రాలేదు. నీ దగ్గర పనిచేసే తిప్పేష్‌ను పంపావు. వాడు గడప బయటే నిలబడి, "రేపట్నుంచి ఈ పక్కకి నీళ్లు ఇడిసేది ల్యాదంట మామా. అన్న చెప్పిరమ్మన్యాడు" అన్నాడు. ఆయన గొడ్డలి తీసుకుని బోరు దగ్గరికి పోయాడు. తాళం పగలగొడతాడని నేను వెనకే ఉరికాను. ఆయన తాళాన్ని చేత్తో తిప్పి చూసి, వదిలేసి వచ్చాడు. నెల తిరగక ముందే ఆ గొడ్డలితో తన చెట్లను తానే కొట్టాడు.

నా మాట ఒక్కటి జేబులో పెట్టుకుని పోతే నీకు సరిపోదు అన్నా. ఆయన మాఫీ ఆయన దగ్గరే ఉంది. ఆయన మన ఊరి ఖబరస్తాన్‌లో ఉన్నాడు.

హుసేనమ్మ

*

గుంతకల్లు,
11 మార్చి 2025

హుసేనమ్మా,

ఈ రోజు రంజాన్ పదో రోజా. ఎండ అప్పుడే ముదిరింది. మీ వదినకు బీపీ ఎక్కువైంది, రోజాలు వద్దని డాక్టరు చెప్పాడు. ఆమె వినడం లేదు.

నీ ఉత్తరం రెండు సార్లు చదివాను. నన్ను దొంగను చేశావు. ఆ ఎండాకాలం బోరు ఎలా ఉండేదో నీకు తెలుసు. మోటరు కాసేపు నీళ్లు పోసి, ఆ తర్వాత గాలి తోడేది. ఆ నీళ్లు చెరి సగం పెడితే రెండు తోటలూ చచ్చేవి. ఒకటైనా బతికితే కాపులో మీకు సగం ఇద్దామనుకున్నాను. ఆ మాట కూడా తిప్పేష్‌తో చెప్పి పంపాను. వాడు చెప్పలేదా? మరుసటి ఏడు బోరే ఎండిపోయింది. నా చెట్లు కూడా పోయాయి. నేను బాగుపడింది ఏముంది?

ఇదంతా పలక మీద రాసి పేష్ ఇమాంకు చూపించాను. కుర్రవాడు, కడపలో చదువుకుని వచ్చాడు. మిగులు నీళ్లు ఉండి దారిన పోయేవాడికి ఇవ్వని మనిషి వైపు ఖయామత్ నాడు అల్లా చూడడని చెప్పాడు. నా దగ్గర మిగులు లేదని రాశాను. చదివి, "మిగులా కాదా అని మీ బావను పక్కన కూర్చోబెట్టుకుని తేల్చుకుంటే బాగుండేది చాచా" అన్నాడు.

చనిపోయిన మనిషి మాఫీ సంగతి కూడా అడిగాను. ఆయన పేరు మీద దానం చేయమన్నాడు, దువా చేయమన్నాడు, మిగిలింది ఆ రోజుకు వదలమన్నాడు. ఇంకొకటి చెప్పాడు. ఆ రోజు ఒకడు కొండంత నమాజులు, రోజాలు, జకాత్ మోసుకుని వస్తాడట. వాడి చేత తిట్లు తిన్నవాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు, సొమ్ము పోగొట్టుకున్నవాళ్లు వరసగా నిలబడి ఉంటారట. వాడి పుణ్యం తీసి వాళ్లకు ఇస్తారు. పుణ్యం అయిపోతే వాళ్ల పాపాలు తెచ్చి వీడి నెత్తిన వేస్తారు. అసలైన దివాలా మనిషి వాడేనట. అంటే నేను ముసలితనంలో ఎండలో తిరిగి చేసే హజ్ బావకు పోతుంది. మీ వదిన విని, "పోనీలే, ఆయన ఎట్లా మక్కా చూడలేదు కదా" అంది. నాకు నవ్వు రాలేదు.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆఖరి రోజుల్లో బావ నా గురించి ఏమైనా అన్నాడా? మంచి అయినా సరే, చెడు అయినా సరే.

దస్తగిరి

*

రాళ్లకుంట,
25 మార్చి 2025

అన్నకు,

వదినను రోజాలు మానమని నా మాటగా చెప్పు. జబ్బు మనిషికి వెసులుబాటు ఉందని ఆమెకూ తెలుసు.

తిప్పేష్‌ను అడిగాను. ఇప్పుడు సోలార్ వాళ్ల దగ్గర కాపలా చేస్తున్నాడు. నువ్వు వాళ్లకు గుత్తకు ఇచ్చిన పొలం అంతా సోలార్ పలకలే. వాటి మీద దుమ్ము కడగడానికి ట్యాంకర్లతో నీళ్లు తెస్తున్నారు. మన బోరు గొట్టానికి ఇనుప మూత బిగించారు. తిప్పేష్ ఏమన్నాడంటే, "సగం కాపు మాట అన్న నాతో అనల్యాక్కా. అనింటే ఆ మాటే ముందు చెప్పిందును గదా, మామ ముందర అట్ల దొంగ మాదిరి యాల నిలబడుదును?" చెప్పానని నువ్వు అంటావు, వినలేదని వాడు అంటాడు. ఇది కూడా ఆ రోజే తేలాలి. ఆ రోజుకు చాలా పనులు మిగులుతున్నాయి.

ఆఖరి రోజుల సంగతి. 2023 ఆగస్టు, అనంతపురం పెద్దాసుపత్రి. కడుపు జబ్బు ముదిరిపోయాక తీసుకుపోయాం. ఆయన నీ పేరు ఎత్తలేదు. తాళం వేసిన నాటి నుంచి మా ఇంట్లో నీ పేరు ఆయన నోట రాలేదు. తిట్టి ఉంటే కోపం తగ్గిందో లేదో చెప్పేదాన్ని. తిట్టలేదు కూడా. వార్డులో ఎక్కువగా కిటికీ వైపు తిరిగి పడుకునేవాడు.

మాబున్ని వదిన చేసింది మాత్రం నేను మరిచిపోను. రోజు మార్చి రోజు గుంతకల్లు నుంచి కారియర్‌లో రాగి గంజి తెచ్చేది. ఏది పెట్టినా కక్కేసేవాడు, ఆ గంజి మాత్రం కడుపులో నిలిచేది. కడదాకా అదే తాగాడు. అప్పుడు ఏడుపులో వదినకు ఒక మాట కూడా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పినట్టు అనుకోమను.

రంజాన్ అయిపోవస్తోంది. చాందినికి పండగ రోజు కూడా సెలవు ఇస్తారో లేదో తెలియదు.

హుసేనమ్మ

*

గుంతకల్లు,
12 ఏప్రిల్ 2025

నా చెల్లెలికి వెయ్యి సలాములు.

నువ్వు రాసింది ఏమిటో నీకే తెలియలేదు. బావ నా ఇంటి గంజి తాగాడు! నేను ఇన్నాళ్లూ దేనికోసం వెతుకుతున్నానో అది నువ్వు వదినకు సలాం చెబుతూ చివర్లో రాశావు.

నాయనకూ చిన్నాయనకూ గట్టు తగాదా వచ్చి మాటలు లేకుండా పోయిన రోజులు నీకు గుర్తుండవు, చిన్నదానివి. ఎన్ని పంచాయతీలు చేసినా తీరలేదు. ఒక రోజు చిన్నాయన ఎండన పడి వచ్చి మన అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ మజ్జిగ ఇస్తే తాగి లేచిపోయాడు. ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రం నాయన, "వాడు మనింట్ల తాగినాడు, ఇంగ అయిపాయ" అన్నాడు. అయిపోయింది కూడా. పగ ఉన్న ఇంటి నీళ్లు మనవాళ్లు ముట్టరు. ముట్టారంటే పగ లేనట్టే. బావ మనకంటే పట్టుదల మనిషి. ఆయన తాగాడంటే ఊరికే తాగడు.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. ఆ కారియర్ మీ వదిన ఒక్కతే మోసుకొచ్చింది అనుకుంటున్నావు. ప్యాసింజర్ బండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది నేను. ఆసుపత్రి గేటు ఎదురుగా టీ అంగడి ఉంది, ఆ బెంచీ మీద కూర్చునేవాడిని. వదిన పైకి పోయి వచ్చేది. రాగానే మూత తీసి చూసేవాడిని. ఖాళీగా ఉంటే ఆ పూట నాకు కూడా తినబుద్ధి అయ్యేది.

ఇమాంకు అంతా రాసి చూపించాను. "తెలిసి తాగి ఉంటే మనసు మెత్తబడిందనే అనుకోవచ్చు చాచా" అన్నాడు. నిన్న జుమ్మా నమాజు తర్వాత మా పెద్దవాడు జిలాని నా చీటీ అందరి ముందరా చదివాడు. మా బావ కుళ్లాయప్పకు నేను చేసిన అన్యాయం ఇదీ, ఆయన చనిపోయే ముందు నా ఇంటి గంజి తాగి నన్ను మాఫ్ చేశాడు, మీరు కూడా చేయండి అని రాశాను. ముసలివాళ్లు వచ్చి కావలించుకున్నారు. ఒకరిద్దరు ఏడ్చారు.

ప్రయాణం మే పదో తేదీ. నువ్వూ చాందినీ ముందు రోజే రండి. కాబా చుట్టూ ఒక తవాఫ్ బావ పేరు మీద చేస్తాను. నిన్న పొద్దెక్కేదాకా నిద్రపోయాను. ఎన్నేళ్లయిందో అలా పడుకుని.

మీ అన్న,
దస్తగిరి

*

రాళ్లకుంట,
23 ఏప్రిల్ 2025

అన్నకు,

జవాబు ఆలస్యమైంది. రెండు సార్లు మొదలుపెట్టి వదిలేశాను.

ఇక్కడ ఒక్క వాన కూడా లేదు. చాందిని పనిచేసే చోట ఆర్డర్లు తగ్గాయని వారంలో నాలుగు రోజులే పిలుస్తున్నారు. నారాయణప్ప తన గొర్రెలను తుంగభద్ర కాలువ వైపు తోలుకుపోయాడు, వానలు పడితేనే తిరిగి వస్తాడు. పోతూ నాకు ఒక మేకపిల్లను వదిలిపోయాడు, నడవలేకుండా ఉందని.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. గంజి ఎవరి ఇంటి నుంచి వచ్చిందో ఆయనకు తెలియదు.

వదిన పైకి వచ్చేది కాదు అన్నా, ఆయన పడుకున్న దగ్గరికి. మెట్ల దగ్గరే నాకు ఇచ్చేది. ఆ మాట మేమిద్దరం ముందే అనుకున్నాం. నేను ఆసుపత్రి గిన్నెలోకి వంపుకుని తీసుకుపోయేదాన్ని. మొదటి రోజు తాగి, "ఎవురిదే ఈ గంజి? బాగుండాది" అన్నాడు. ఆసుపత్రిలోనే ఇస్తున్నారని చెప్పాను. "సర్కారోళ్లు ఇంత బాగా కాంచుతారా?" అన్నాడు. ఎవరో కొత్త వంటమనిషి వచ్చిందన్నాను. ఆ తర్వాత అడగలేదు. ఒకసారి ఆ వంటమనిషికి దువా కూడా చేశాడు.

నీ ఇంటిదని చెబితే తాగేవాడు కాదు. అందుకే చెప్పలేదు. తాగేవాడేమో అని నువ్వు అడగవచ్చు. నాకు తెలియదు. అడిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన తాగకపోతే పెట్టడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

ఊరుకుందామని నాకు కూడా అనిపించింది. నువ్వు నిద్రపోయానని రాశావు. కానీ నువ్వు మసీదులో ఆయన పేరు చెప్పి, ఆయన మాఫ్ చేశాడన్నావు. ఆయన చేయలేదు. చేయను అని కూడా అనలేదు. ఆయన నోట్లో లేని మాట ఆయన చనిపోయాక మనం పెట్టకూడదు. ఖయామత్ నాడు నోటికి ముద్ర వేస్తారు, చేతులే మాట్లాడతాయి అని చిన్నప్పుడు మౌల్వీ సాబ్ చెప్పేవాడు కదా. గంజి వంపింది నా చేతులే.

ఇంకొకటి, కోపం తెచ్చుకోకు. తాళం సంగతి తిప్పేష్‌తో చెప్పించావు. గంజి వదినతో పంపావు. మాఫీ ఫోనుతో అడిగావు. జుమ్మా నాడు జిలానితో చదివించావు. మాట పోయింది ఇప్పుడు కదా అన్నా. 2019లో నీకు గొంతు ఉండింది. ఆసుపత్రి గేటు దాకా వచ్చినవాడివి మెట్లు ఎక్కి ఉంటే నాకు ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

హుసేనమ్మ

*

గుంతకల్లు,
1 మే 2025

హుసేనమ్మకు,

ఉత్తరం అందింది.

చావబోయేవాడికి అబద్ధం చెప్పి గంజి తాగించావు. నాకు నిజం చెప్పి హజ్‌కు పంపుతున్నావు. ఆయన మీద చూపించిన దయలో రవ్వంత నా మీద చూపించి ఉంటే నీ సొమ్మేం పోయేది? నేను వచ్చేదాకా ఆగి రాయవచ్చు. వస్తానో రానో అనుకున్నావా?

మీ వదినను అడిగాను. అవునంది. ఇన్నాళ్లూ నా ఎదుటే ఖాళీ కారియర్ కడిగి బోర్లించింది.

ఇమాంకు నీ ఉత్తరం చూపించాను. చదివి, మడిచి ఇచ్చాడు. మసీదులో ఇంకొక చీటీ చదివించడం నా వల్ల కాదు.

పదో తేదీకి నువ్వు రావద్దు.

దస్తగిరి

*

గుంతకల్లు,
3 జులై 2025

చెల్లెలికి సలాం.

వచ్చి వారం అయింది. కాళ్ల వాపు తగ్గలేదు. జంజం నీళ్లూ ఖర్జూరాలూ జిలాని తెస్తానన్నాడు. వద్దన్నాను, కాళ్లు కుదుటపడ్డాక నేనే వస్తాను.

రావద్దని రాస్తే నువ్వు రాలేదు. చాందినితో వేరుశనగ ఉండలు పంపావు. స్టేషన్‌లో అది డబ్బా నా చేతికి ఇచ్చి, "మామా, యా గొడవైనా తిరిగొచ్చినాంక పెట్టుకోండప్పా ఇద్దరూ" అంది. బండి కదిలాక అనుకున్నాను, నువ్వు కూడా మనుషులతో చెప్పి పంపడం నేర్చుకున్నావని.

అక్కడి సంగతులు అందరూ గొప్పగా చెబుతారు. నేను చూసింది రాస్తాను. ఎండ మన అనంతపురానికి రెండింతలు. జనం. అందరూ లబ్బైక్ అని గట్టిగా అంటూ నడుస్తుంటే నేను పెదవులు మాత్రం కదిపాను. పక్కన ఒక బీహారు ముసలాయన నాకు చెవుడనుకుని ఇంకా గట్టిగా అరిచి నేర్పించాడు.

మక్కా పక్కన మినాలో తప్పిపోయాను. మరుగుదొడ్డికి పోయి బయటికి వస్తే డేరాలన్నీ ఒకేలా ఉన్నాయి. మగవాళ్లందరూ అవే రెండు తెల్ల బట్టల్లో ఉన్నారు. మావాళ్లు ఎవరో, పరాయివాళ్లు ఎవరో తెలియలేదు. పిలవడానికి గొంతు లేదు. పలక డేరాలోనే ఉండిపోయింది. చేతికి కట్టిన పట్టీ చూపిస్తే ఒకరు అటు అన్నారు, ఒకరు ఇటు అన్నారు. ఎవరి తొందర వాళ్లది. తోసుకుని పోయేవాళ్లే తప్ప మొహం చూసేవాళ్లు లేరు. ఖయామత్ నాడు మనిషి తన అన్నదమ్ములను, తల్లిని, తండ్రిని, పెళ్లాం పిల్లలను చూసి పారిపోతాడని అంటారు కదా. అది ఎలా ఉంటుందో కొంచెం తెలిసింది. కేరళ వాలంటీర్లు చివరికి డేరాకు చేర్చారు.

అరఫాత్ మైదానంలో దువా చేసే వేళ బావ సంగతి ఎలా అడగాలో నాకు తెలియలేదు. మాఫ్ చేయించు అని అడిగితే నా కోసం అడిగినట్టు ఉంది. ఇన్ని లక్షల మందిలో బావ నాకు ఎలా కనబడతాడు, కనబడితే ఏమని మొదలుపెట్టాలి అని ఆలోచిస్తూ కూర్చున్నాను. పొద్దు గూకింది. తవాఫ్ మాత్రం ఆయన పేరు మీద చేశాను. మాఫీ కోసం కాదు. ఆయన మక్కా చూడలేదని.

వచ్చాక మొదటి జుమ్మా నాడు కొత్త చీటీ రాసుకుని పోయాను. జిలానికి ఇవ్వలేదు. వాకిలి దగ్గర నేనే పట్టుకుని నిలబడ్డాను. ఏప్రిల్‌లో నేను చదివించింది తప్పు, మా బావ మాఫ్ చేశాడో లేదో నాకు తెలియదు అని పెద్ద అక్షరాలతో రాశాను. బయటికి వచ్చినవాళ్లు చదివి పోయారు. కొందరికి అర్థం కాలేదు. ఒకాయన చెప్పులు వేసుకుంటూ, "చెప్పకుంటే ఎవరికి తెలుస్తుందయ్యా?" అన్నాడు.

నాకు ఇప్పుడు అరవై నాలుగు. ఆయన ముందర నిలబడే రోజు మరీ దూరం లేదు. నువ్వు ఆయనతో కాపురం చేసినదానివి. ఎలా అడగాలో నువ్వే చెప్పాలి.

దస్తగిరి

*

రాళ్లకుంట,
15 జులై 2025

అన్నకు హుసేనమ్మ సలాం.

హాజీ అని రాయాలని చాందిని అంటోంది. నాకు చెయ్యి తిరగలేదు, అన్నకు అనే రాశాను.

పీర్ల పండగ అయిపోయింది. గుండం దగ్గర ఊరంతా ఉన్నారు. చినుకు పడలేదు. నారాయణప్ప గొర్రెలు ఇంకా తిరిగి రాలేదు. మేకపిల్ల బతికింది, ఇల్లంతా తిరిగి పుస్తకాలు నములుతోంది.

ముందు నా వంతు. గేటు వాల్వు తాళం సంగతిలో నాకు నీ మీద ఉన్న హక్కు నేను మాఫ్ చేశాను. నలభై దినాల నాడు అన్న మాట వెనక్కి తీసుకున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు, నువ్వు ఏడిపించలేదు. ఇది ఫిబ్రవరిలోనే రాయవచ్చు. నా ఒక్కదాని మాట తీసుకుని, పని అయిపోయిందని నువ్వు పోతావేమోనని రాయలేదు.

ఆయన వంతు నేను ఇవ్వలేను. అది నీకు ఇప్పుడు తెలుసు. కానీ నువ్వు ఒక్కడివే కాదు. నేను కూడా ఆయన ముందర నిలబడాల్సినదాన్నే. పగ ఉన్న ఇంటి గంజి తెలియకుండా తాగించాను. దువా కూడా చేయించాను. అది ఆయన ఎలా తీసుకుంటాడో నాకు తెలియదు. నువ్వు గేటు దగ్గర కూర్చున్నావని తెలిసి ఉంటే ఏమనేవాడో కూడా తెలియదు. ఆ రోజు అన్నీ బయటపడతాయి కాబట్టి అది కూడా తెలుస్తుంది.

అందరూ ఒకరిని చూసి ఒకరు పారిపోతారని రాశావు. ఈ మోకాళ్లతో నేను ఎక్కడికి పారిపోతాను? ఎక్కడ లేపితే అక్కడే కూర్చుని ఉంటాను. వెతుక్కుంటూ రా. ఇద్దరం కలిసి పోదాం.

ఎలా అడగాలి అన్నావు. కాపురం చేసి నేర్చుకున్నది చెబుతాను. కోపంలో ఉన్నప్పుడు ఆయనతో మాట మొదలుపెట్టకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. ఎదురుగా నిలబడకూడదు. పోయి పక్కన కూర్చోవాలి, అంతే. మొహం అటు తిప్పుకుంటాడు. లేచి పోతాడేమో అనిపిస్తుంది. పోడు. నేల మీద పుల్ల ఉంటే తీసుకుని తుంచుతూ ఉంటాడు. మాట లేదని నువ్వు దిగులు పడే పని లేదు, అక్కడ మాటతో అవసరం ఉండదు. చాలాసేపు అవుతుంది. నాకు ఒక్కోసారి మధ్యాహ్నం కూర్చుంటే పొద్దు గూకేది. ఆ రోజు చాలా పొడుగు రోజు అంటారు కాబట్టి తొందర కూడా లేదు.

చివరికి ఆయనే, ఇటు తిరగకుండానే, "ఏమప్పా" అంటాడు.

అప్పుడు చెప్పు.

నీ చెల్లెలు,
హుసేనమ్మ